కుంటకుండా నడవడం

తడి బట్టల బకెట్ మోసుకుంటూ మేడ మెట్లెక్కడంలో ఆ రోజుల్లో నాకొక సుఖం కనిపించింది. బకెట్ బరువుకి మనిషి ఒక పక్కకి ఒరిగి నడిచినా, మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి పీల్చుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. బరువు కదా, అలాగే ఉంటుంది అనుకుంటారు. ఖాళీ చేతులతో వంటింట్లోంచి హాల్లోకి రావడమే అసలు గండం. అక్కడ మా అత్తయ్య కుర్చీ సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. ఆవిడకి పేపర్లో అక్షరాలు ఆనవు కానీ, నా నడకలో తేడా వస్తే మాత్రం ఇట్టే పట్టేస్తుంది. అందుకని హాల్లోకి వచ్చేటప్పుడల్లా ఏదో ఒక బరువు చేత్తో పట్టుకునేదాన్ని. నీళ్ళ క్యానో, మడతపెట్టిన దుప్పట్లో, ఏదీ దొరక్కపోతే నిండు బియ్యం డబ్బానో. చేతిలో బరువుంటే కుంటొచ్చు, లేకపోతే కుంటకూడదు. ఇది నాకు నేను పెట్టుకున్న నియమం.

నా ఎడమ కాలికి, మోకాలికీ చీలమండకీ మధ్య, ఎముక లోపలి అంచున ఒక చోటుంది. బొటనవేలితో నొక్కితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మొదట్లో పరుగు మొదలుపెట్టినప్పుడు మాత్రమే నొప్పి వచ్చి, ఒళ్ళు వేడెక్కాక తగ్గిపోయేది. తర్వాత పరుగంతా ఉండేది. ఆ తర్వాత ఇంటికొచ్చాక కూడా వదలకుండా పొయ్యి ముందు నా పక్కనే నిలబడేది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నొప్పి అన్నానా, పరుగు పోతుంది. అనకుండా ఊరుకున్నానా, కాలు పోతుంది. కొన్నాళ్ళు నేను కాలునే వదులుకోడానికి సిద్ధపడ్డాను. నవ్వకండి, ఆ పరుగు నాకెలా వచ్చిందో చెబితే మీకే అర్థమవుతుంది.

నలభై దాటేదాకా నేను బస్సు కోసం తప్ప పరిగెత్తి ఎరగను. ఒకనాడు స్కూలుకి ఆలస్యమై, భుజానికి సంచీ, చేతిలో దిద్దిన పేపర్ల కట్ట పెట్టుకుని, కదిలిపోతున్న బస్సు వెంట పడ్డాను. డ్రైవరు అద్దంలో చూసి, పాపం, కాస్త ముందుకెళ్ళి ఆపాడు. బస్సు ఆగింది కానీ నేను ఆగలేదు. తెరిచిన తలుపు దాటుకుని, అలాగే రోడ్డు చివరిదాకా పరిగెత్తాను. కండక్టరు తల బయటపెట్టి, ఎక్కరా ఏంటమ్మా అని కేకేస్తున్నాడు. గుండె దడదడలాడుతోంది, చెమటకి జుట్టంతా మెడకి అంటుకుపోయింది. ఎన్నేళ్ళయిందో ఈ ఒళ్ళు నాదని నాకు తెలిసి. ఇన్నాళ్ళూ అది ఇంటి సామానులాగా, ఎవరికి కావలిస్తే వాళ్ళు వాడుకుని పక్కన పెట్టేదిగానే ఉంది.

పొద్దున్నే పరిగెడతానంటే మా ఆయన కాదనలేదు. ఆయన దేనికీ నేరుగా కాదనడు. "నీ ఇష్టం. కాకపోతే ఇంట్లో ఏదీ ఆగకూడదు, అంతే" అన్నాడు. ఎంత మంచివాడో అనుకుని పొంగిపోయాను. ఆ ఒక్క మాటకి కట్టుబడి, అందరికంటే ముందు లేచి, కూరలు తరిగి పెట్టి, అత్తయ్య మందులు గిన్నెలో సర్ది, కూతురి యూనిఫాం ఇస్త్రీ చేసి, అప్పుడు గుమ్మం దాటేదాన్ని. వేసుకునేవి మా అమ్మాయి వదిలేసిన బూట్లు. అడుగు అరిగిపోయి, ఒక పక్క నున్నగా తేలిపోయినా పైకి బాగానే ఉండేవి. ఇంట్లో మిగిలింది తినడం, వదిలేసింది తొడుక్కోవడం నాకు అలవాటే కాబట్టి అవి అరిగాయన్న సంగతి నా బుర్రకి తట్టనే లేదు. వీధి చివర మలుపు తిరిగేదాకా నడిచి, ఇక ఇంటి కిటికీలు కనిపించవనగా పరుగు అందుకునేదాన్ని. నన్ను ఎవరూ ఏదీ అడగని గంట అదొక్కటే.

కాలు నొప్పి దాచడానికి ఇంకో కారణం ఉంది. అంతకు ముందేడు మా ఆయన ఆఫీసువాళ్ళతో షటిల్ ఆడుతూ మడమ బెణికించుకున్నాడు. హాల్లో సోఫా మీద రాజాలాగా పడుకుని, కాలు కింద రెండు దిళ్ళు పెట్టించుకున్నాడు. చుట్టూ కట్టిన బ్యాండేజీ వచ్చినవాళ్ళందరికీ కనిపించేది. పూటపూటకీ ఐసు పెట్టింది నేను, టీ అందించింది నేను, స్నానానికి చెయ్యి పట్టుకుని నడిపించింది నేను. "పాపం, ఆటన్నాక దెబ్బలు తగలవా" అని అత్తయ్య ఒకటే జాలిపడింది. అదే ఆవిడ, నేను పరుగు మొదలెట్టిన వారంలో, వీధిలో పరిగెత్తి ఏం సాధిద్దామని, ఇంట్లో చేసే పరుగులు చాలడం లేదా అంది. సరదాకే అందిలెండి. మా ఇంట్లో నన్నన్నవన్నీ సరదాకి అన్నవే.

ఆ ఐసు పెట్టిన అనుభవమే నాకు పనికొచ్చింది. స్టీలు గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, స్నానాల గదిలోకి తీసుకెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో కాలికి రుద్దుకునేదాన్ని. మొగుడికి హాల్లో పెట్టిన ఐసు నాకు నేను దొంగచాటుగా పెట్టుకోవడం తలచుకుంటే ఒళ్ళు మండేది.

ఇల్లొక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేదాన్నేమో. నేను లెక్కల టీచర్ని. మా హెడ్మాస్టరు రెండేళ్ళ కిందట క్లాసుల్లో టీచర్ల కుర్చీలన్నీ తీయించేశాడు. టీచర్ కూర్చుంటే పాఠం కూడా కూర్చుంటుందని ఆయన సిద్ధాంతం. ఈ మాట మీటింగులో చెప్పి, తనే ముందు నవ్వి, మేము కూడా నవ్వేదాకా చూస్తూ ఊరుకున్నాడు. ఆ మీటింగులో ఆయన కూర్చునే మాట్లాడాడు. పొద్దుటినుంచి సాయంత్రందాకా సిమెంటు గచ్చు మీద నిలబడి, ఒక క్లాసు నించి ఇంకో క్లాసుకి మెట్లెక్కి దిగి, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడటం. ఒకరోజు బోర్డు మీద లెక్క సగంలో ఉండగా కాలు కింద భూమి లేనట్టయింది. డస్టరు పెట్టుకునే పలక పట్టుకుని నిలదొక్కుకున్నాను. పిల్లలు నేను లెక్క మర్చిపోయాననుకున్నారు. కిటికీ బయట వెళ్తున్న ఆటల మేడమ్ మాత్రం చూసింది. సాయంత్రం నా చెయ్యి వదలకుండా ఆటో ఎక్కించి, తనకి తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర దించింది.

ఫిజియో నాకంటే చిన్నది. గట్టి చేతులు, విసుగు ముఖం. ఎముక పొడుగునా బొటనవేలితో తడుముకుంటూ వచ్చి, సరిగ్గా ఆ చోట ఆపి నా ముఖం చూసింది. తర్వాత, ఆ ఒక్క కాలి మీద గెంతమంది. గెంతడానికి మోకాలు వంచాను కానీ ఒళ్ళు లేవలేదు. ఇక చాల్లెండి అని, స్కానింగ్‌కి పంపింది. చిత్రం వచ్చాక దాన్ని వెలుతురుకి పెట్టి, వెంట్రుకంత చీలిక చూపించింది. ఉన్నట్టుండి పరుగు పెంచారా అని అడిగింది. పెంచాను. వేసవి సెలవుల్లో ఇంట్లో అందరూ ఆలస్యంగా లేస్తారు. దొరికిన టైమంతా, ఆకలి మీదున్న మనిషి అన్నం మీద పడ్డట్టు, పరుగు మీద పడ్డాను. బూట్లు అడిగింది, చూపించాను. వాటిని తిప్పి చూసి, ఇవి బూట్లా, అట్టలా అంది. ఇద్దరం కాస్త నవ్వుకున్నాం.

"మధ్యలో పరుగు లేని రోజులు పెట్టుకుంటారా?"

పెట్టుకుంటాను మేడమ్ అన్నాను, ఇదొక్కటైనా సరిగ్గా చేసినందుకు సంతోషపడుతూ. ఒకరోజు పరుగు, ఒకరోజు రెస్టు. రెస్టు రోజు ఏం చేస్తారని అడిగింది. రెస్టేనండీ అన్నాను. రెస్టంటే ఏంటని మళ్ళీ అడిగింది. ఏముందండీ, ఆ రోజు పొద్దున ఖాళీ కాబట్టి దుప్పట్లూ కర్టెన్లూ ఉతికేసి మేడ మీద ఆరేస్తాను, నీళ్ళ క్యాన్లు పైకి చేరుస్తాను, వారానికి సరిపడా సరుకులు సంచుల్లో మోసుకొస్తాను, అత్తయ్యని లేపి స్నానం చేయిస్తాను. చెప్పుకుంటూ పోతున్నాను. ఆ అమ్మాయి రాయడం ఆపేసింది. ఆ ముఖం చూశాకే, నేను చెబుతున్నదేమిటో నా చెవిన పడింది. పరుగుకి సెలవిచ్చిన రోజుల్లోనే నేను ఎక్కువ బరువులు మోశాను. పరుగుకి పోయిన టైము ఇంటికి బాకీ అన్నట్టు, రెస్టు రోజున దాన్ని తీర్చేస్తూ వచ్చాను. ఇంత లెక్కల టీచర్ని, ఈ లెక్క మాత్రం తప్పు చేశాను.

"మీరు పరిగెత్తారా, బకెట్ మోశారా అన్నది ఎముకకి తెలీదు టీచర్ గారూ. బరువు పడిందా, విశ్రాంతి దొరికిందా, అంతే దానికి తెలుసు."

తర్వాత మెల్లిగా చెప్పింది. పరిగెత్తినప్పుడు ఎముక కాస్త కాస్త అరుగుతుందట, ఆగినప్పుడు తనంతట తనే ఇంకాస్త గట్టిగా కట్టుకుంటుందట. ఆగకపోతే కట్టుకోలేదు. నెలన్నర పరుగు వద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు, మెట్లూ బరువులూ అసలే వద్దు. తర్వాత ముందు నడక, ఆ నడకలో కొంచెం పరుగు, కాలి పిక్కలకి బలం వచ్చే కసరత్తులు, కొత్త బూట్లు. పెంచేటప్పుడు మాత్రం అత్యాశ పడకుండా వారానికి కొంచెం కొంచెంగా. ఇప్పుడు సరిగ్గా ఆగితే మీరు ముసలైపోయేదాకా పరిగెత్తొచ్చు అంది. ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. ఆగకపోతే అని నేనే అడిగాను. చీలిక కాస్తా విరుగుతుంది, లోపల రాడ్ వెయ్యాల్సి వస్తుంది, ఇక పరుగు సంగతి నేను మాటివ్వలేను అంది.

ఇక దాచి లాభం లేదని, ఆ సాయంత్రం అందరికీ అన్నాలు వడ్డించి కూర్చున్నాక సంగతంతా చెప్పాను. పరుగు మానాలట అన్న మాట అందరికీ వినిపించింది. దాని తర్వాత చెప్పినవేవీ ఎవరికీ వినిపించలేదు. చూశావా, నేను ముందే అనుకున్నాను అన్నాడు మా ఆయన. పోన్లే, ఇప్పటికైనా బుద్ధొచ్చింది అంది అత్తయ్య. నిలబడొద్దన్నారు, మెట్లెక్కొద్దన్నారు అని నేను మళ్ళీ అన్నాను. "నిలబడకు. హాయిగా కూర్చుని కూరలు తరుక్కో. ఎవరొద్దన్నారు?" అన్నాడాయన, మజ్జిగ కోసం గ్లాసు నా వైపు జరుపుతూ. ఆ గ్లాసు నింపడానికి నేను లేచి నిలబడ్డాను.

మర్నాటి నించే నా పరుగు గంటని పంచుకోవడం మొదలుపెట్టారు. పొద్దున ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి అత్తయ్య స్నానం పెందలాడే అయిపోతే ఆవిడకి హాయి. టిఫిన్ ముందే అయితే మా ఆయన ట్రాఫిక్ లేకుండా ఆఫీసుకి చేరొచ్చు. అమ్మాయిని లేపి చదివించాలి, అలారం మోగితే దానికి తలనొప్పి. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ నన్ను తిట్టలేదు. నా కాలికి ఫిజియో చెప్పిన రెస్టుని తలాకాస్త తీసుకున్నారు, అంతే. స్కూల్లో, సిగ్గు విడిచి, ఒక స్టూలైనా ఇప్పించండి సార్ అని అడిగాను. మీకొక్కరికిస్తే రేపు అందరూ అడుగుతారమ్మా అన్నాడు హెడ్మాస్టరు, కుర్చీలో వెనక్కి వాలి. కుర్చీ కిర్రుమంది.

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. పరుగు లేదు, రెస్టూ లేదు. ఇదివరకు ఎంత మోసినా, ఏ మాటన్నా, మర్నాడు పొద్దున వీధి మలుపు నా కోసం ఉందనుకునేదాన్ని. ఇప్పుడు ఆ మలుపు దాకా నడవడానికే భయం. కాలు తగ్గడం మాట అటుంచి, పడుకున్నా లోపల ఎవరో వేలితో నొక్కుతున్నట్టు సలుపుతుండేది. ఫిజియో దగ్గరికి మళ్ళీ వెళ్ళాలంటే ముఖం చెల్లలేదు. ఏం చెప్పాలి? ఆగలేకపోయాను మేడమ్ అనా? మా అమ్మాయి ఒకసారి నన్ను వంటింట్లో గోడకి ఆనుకుని ఉండగా చూసి, బాగా నొప్పా అమ్మా అంది. దాని కళ్ళలో నిజంగానే జాలి కనిపించింది. ఆ వెంటనే, నా నీలం రంగు డ్రెస్సు ఎక్కడుందమ్మా అంది. నేను వెళ్ళి వెతికిచ్చాను.

ఆదివారం పొద్దున దుప్పట్లు ఉతికి, బకెట్ పట్టుకుని మేడ మెట్లెక్కాను. సగం మెట్ల మీద ఒక మలుపుంది. అక్కడ ఆగి కిందికి చూశాను. ఆ చూడటంలో ఒక ఆలోచన వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆలోచన కొత్తగా రాలేదు, అది కొన్నాళ్ళుగా నాలో కాపురం ఉంటోంది. ఇక్కణ్ణించి పడితే కాలు విరుగుతుంది. విరిగితే పిండికట్టు కడతారు. తెల్లగా, లావుగా, హాల్లోకి వచ్చినవాళ్ళందరికీ కనిపిస్తుంది. వెంట్రుకంత చీలికని ఎవరు నమ్ముతారు? పిండికట్టుని అందరూ నమ్ముతారు. దాన్ని చూసి బట్టలు ఆరెయ్యమని ఎవరూ అనలేరు. నాకు కూడా రెండు దిళ్ళు పెడతారు. పరుగు పోతుంది, పోనీ. ఎలాగూ పోతోంది. హాయిగా పడుకోవచ్చు. ఎడమ పాదం మెట్టు అంచు దాటించి గాల్లో ఉంచాను. బకెట్ వదిలేస్తే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది.

అంతలో వంటింట్లోంచి కుక్కర్ కూత వినిపించింది. ఇంకా వీళ్ళ టిఫిన్లు కాలేదు అనుకున్నాను. టిఫిన్లయ్యాక, అత్తయ్య మందులేసుకున్నాక, అప్పుడు పడదాం. మధ్యాహ్నానికి కూర కూడా చేసిపెడితే అందరికీ ఇబ్బంది లేకుండా ఉంటుంది.

ఆ మాట నాలో నేను పూర్తిగా అనుకున్నాను. అనుకున్నాక నా ఒంట్లో ఉన్న నెత్తురంతా ఎవరో పిండేసినట్టయింది. నా కాలు నేను విరగ్గొట్టుకోవడం కూడా వాళ్ళ టిఫిన్లయ్యాకే. ఇంట్లో ఏదీ ఆగకూడదు, అంతే. పడటానికి కూడా పనంతా ముగించుకుని, చేతులు తుడుచుకుని, వాళ్ళకి వీలున్న టైము చూసుకుని పడాలని నాకు నేనే ఏర్పాటు చేసుకుంటున్నాను. నన్నింత దాకా తీసుకొచ్చింది వాళ్ళే అనుకుంటూ వచ్చాను. వాళ్ళు సరే, నాలోపల కూర్చుని ఇదంతా సర్దుతున్న ఈ మనిషెవరు? గాల్లో ఉన్న ఆ పాదాన్ని చూశాను. ఈ ఇంట్లో నన్ను బయటి గాలిలోకి తీసుకెళ్ళినది ఆ పాదం ఒక్కటే, దాన్నే నేను బలివ్వబోయాను. మెల్లిగా దాన్ని వెనక్కి తీసుకుని మెట్టు మీద పెట్టాను. బకెట్ పక్కన దించాను. గోడ పట్టుకుని కూర్చున్నాను. తర్వాత, చుట్టూ చూసి, తడి దుప్పటి ఒకటి ఉండలా చుట్టి, దాని మీద ఎడమ కాలు ఎత్తి పెట్టుకున్నాను. చల్లగా ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. కుళాయి చప్పుడు లేకుండా నేను ఏడవడం చాలా కాలానికి అదే.

కుక్కర్ మళ్ళీ కూసింది. ఇంకా కూసింది. అమ్మాయ్, స్టవ్ కట్టేశావా అని అత్తయ్య కింద నించి అరిచింది. లేదండీ అన్నాను. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, మా అమ్మాయి తన గదిలోంచి పరిగెత్తిన చప్పుడు, కూత ఆగిపోవడం. ఇన్నేళ్ళుగా నేను తప్ప ఎవరూ ఆపలేరనుకున్న స్టవ్ అంత సులువుగా ఆగింది. బకెట్ అడుగున ఎక్కడో చిన్న బీట ఉన్నట్టుంది, నీళ్ళు సన్నగా ఒక్కో మెట్టూ దిగి హాల్లోకి పోతున్నాయి.

ఆ నీళ్ళు చూసే మా ఆయన వచ్చాడు. చేతిలో పేపరుంది. మెట్ల కింద నిలబడి తల పైకెత్తాడు. మెట్లమీద కూర్చున్న నన్నూ, దుప్పటి మీదున్న కాలునీ చూసి ముఖం పాలిపోయింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కంగారు పడ్డాడు.

"ఏమైంది? పడ్డావా?"

"లేదండీ. పడకముందే కూర్చున్నాను."

ఆయనకి అర్థం కాలేదు. పడకపోతే కూర్చోవడం దేనికన్నట్టు కాలిని చూశాడు. కట్టు లేదు, నెత్తురు లేదు. ఆ కంగారంతా ఆయన ముఖంలోంచి దిగిపోవడం చూస్తూనే ఉన్నాను. ఫిజియో చెప్పిన నెలన్నర ఇవాళ్టి నించి మొదలని చెప్పాను. ఇదివరకు మొదలుపెట్టలేదు కాబట్టి, గడిచిన రోజులు లెక్కలోకి రావు. మెట్లూ, బరువులూ, పొయ్యి ముందు నిలబడటమూ, ఏదీ చెయ్యను. రేపు స్కూలుకి ఇంట్లోంచి మడతకుర్చీ పట్టుకెళ్తున్నాను, దాన్ని ఆటో దాకా ఎవరైనా మోసిపెట్టాలి. ఇదంతా మధ్యలో ఆపకుండా చెప్పాను. ఆయన విన్నాడు. ఈసారి చివరిదాకా విన్నాడు, ఎందుకంటే నీళ్ళు ఆయన కాళ్ళ చుట్టూ చేరుతున్నాయి.

"మరి ఈ బట్టలు?" అన్నాడు.

బకెట్ నాకూ ఆయనకీ మధ్య మెట్టు మీద ఉంది. మేడ మీద ఎండ బాగానే ఉన్నట్టుంది, వెలుతురు మలుపు దాకా వస్తోంది. ఆయన పైకెక్కడానికి దారి కావాలి కదా అని, కాలు కదలకుండా, గోడ వైపుకి కాస్త జరిగి కూర్చున్నాను.